కర్మాగారం నగరం దాటింది, ఆడిటరు ఎందుకు దాటలేదు?

నగరపటం:

పెద్ద నగరాల పాత పటాలను, కొత్త పటాలను పక్కపక్కన పరచుకొని చూడటం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. ఏ దేశపు నగరాన్ని తీసుకున్నా ఇంచుమించు ఒకే వరస కనిపిస్తుంది. మొదట రేవు దగ్గరో, రైలు గోదాముల దగ్గరో కర్మాగారాలు వెలుస్తాయి. వాటి వెన్నంటి బ్యాంకులు, బీమా కార్యాలయాలు, న్యాయవాదులు, ఆడిటర్లు, ప్రకటనల సంస్థలు, ఇంజనీరింగ్ సలహాదారులు వచ్చి చేరుతారు. కొంతకాలానికి స్థలం ఖరీదై, రోడ్లు ఇరుకై, కర్మాగారాలు ముందు శివార్లకు, తరువాత ఇంకా దూరానికి తరలిపోతాయి. వాటిని నమ్ముకొని వచ్చిన సేవా సంస్థలు మాత్రం కదలవు సరికదా, అవే నాలుగు వీధుల్లో మునుపటికన్నా దట్టంగా గుమిగూడుతాయి. న్యూయార్క్ నగరంలో 1950 ప్రాంతంలో సుమారు పది లక్షల మంది తయారీ పనుల్లో ఉండేవారు. ఆ పనుల్లో అత్యధిక భాగం వెళ్లిపోయింది. వాటి ఖాతాలు చూసిన, ఒప్పందాలు కుదిర్చిన వృత్తులు అక్కడే ఉండి ఇంకా పెరిగాయి.

నా సందేహం ఇది. వస్తూత్పత్తికీ వ్యాపార సేవలకీ మధ్య ఉన్నది నిజంగా దగ్గరగా ఉండవలసిన బంధమే అయితే, ఒకటి వెళ్లినప్పుడు రెండోది ఎందుకు వెళ్లలేదు? దగ్గరగా ఉండవలసిన అవసరమే లేకపోతే, మొదట్లో అవి ఒకేచోటికి ఎందుకు చేరాయి? పని లోపలి సంగతి తెలిసినవారు చెబితే వినాలని ఉంది.

టూల్‌రూమ్ పాతకాపు:

నేను ముప్పై ఏళ్లకు పైగా టూల్‌రూమ్‌లో, అంటే అచ్చులూ పనిముట్లూ చేసే యంత్రశాలలో, ప్లాస్టిక్ మౌల్డులు (ప్లాస్టిక్ వస్తువులు పోతపోసే అచ్చులు) చేసినవాడిని. సిద్ధాంతాల సంగతి చదువుకున్నవారు చెబుతారు, నేను చూసినది చెబుతాను. కొత్త భాగానికి డ్రాయింగు వచ్చిన రోజున ఆ డ్రాయింగులో ఉన్నదంతా నిలబడుతుందని ఎవరికీ నమ్మకం ఉండదు. మొదటి ట్రయల్‌లో ముక్క వంకర తిరుగుతుంది, లేదా గోడ మందంగా ఉన్నచోట గుంట పడుతుంది. అప్పుడు డిజైన్ గీసినవాడు, మౌల్డు కోసినవాడు, ప్లాస్టిక్ గుళికలు అమ్మినవాడు, కొలతలు తీసే ప్రయోగశాల మనిషి, ఈ నలుగురూ ఒకే బల్ల చుట్టూ నిలబడి, ఆ ముక్కను చేతులు మార్చుకుంటూ వాదించుకోవాలి. తప్పు ఎక్కడుందో అప్పటికి ఎవరికీ తెలియదు. తెలియని తప్పును ఉత్తరంలో రాసి పంపడం కుదరదు కదా! మూడో ట్రయల్‌కో నాలుగో ట్రయల్‌కో ముక్క సరిగా వస్తుంది. ఆ తరువాత మౌల్డును పెట్టెలో పెట్టి ఎంత దూరం పంపినా ఫరవాలేదు. ఉష్ణోగ్రత, పీడనం, చల్లారే సమయం రాసిన కాగితం చూసి అక్కడి మనిషి లక్ష ముక్కలు తీస్తాడు.

తయారీ అనే ఒక్క మాట కింద రెండు పనులున్నాయి. తేలని పని ఒకటి, తేలిపోయిన పని ఒకటి. నగరం వదిలి వెళ్లినది రెండోదని నా అభిప్రాయం.

అర్థశాస్త్ర పాఠకుడు:

పాతకాపు గారి అనుభవానికి పరిశోధనలో గట్టి ఆధారమే ఉంది. జిల్ దురాంతోన్, దియేగో పూగా అనే ఆర్థికవేత్తలు 2001లో ప్రచురించిన పరిశీలనలో, ఫ్రాన్సులో ఒకచోటి నుంచి మరొకచోటికి తరలిన సంస్థలను లెక్కించారు. పది తరలింపుల్లో ఏడు, రకరకాల పరిశ్రమలున్న ప్రాంతం నుంచి ఒకే పరిశ్రమలో ఆరితేరిన ప్రాంతానికి జరిగినవే. వారు పెద్ద నగరాన్ని నారుమడితో పోల్చారు. ఏ పద్ధతిలో వస్తువును చేయాలో తెలియని దశలో సంస్థకు రకరకాల పనివాళ్లు, రకరకాల సేవలు చేతికందే దూరంలో ఉండాలి. పద్ధతి కుదిరాక ఆ వైవిధ్యానికి అద్దె కట్టడం దండగ. నారు పోసిన మడిలోనే పంట పండించాలని రైతు అనుకోడు.

ఇక ఒకేచోట చేరడానికి కారణాల విషయంలో 1890లో ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ చెప్పిన మూడింటి నుంచే ఇప్పటికీ అందరూ మొదలుపెడుతున్నారు. పనితనం ఉన్న మనుషులు ఒకచోట దొరకడం, ముడిసరుకులూ సహాయక పనులూ అందించేవారు పక్కనే ఉండటం, ఒకరి మెలకువలు మరొకరికి తెలియకుండానే సోకడం. చాలాకాలం ఈ మూడింటిలో దేనికి ఎంత బలమో విడదీయడం సాధ్యపడలేదు, ఎందుకంటే మూడూ ఒకే ఫలితాన్నే ఇస్తాయి. 2010లో ఎలిసన్, గ్లేసర్, కెర్ అనే ఆర్థికవేత్తలు ఒక తెలివైన దారి పట్టారు. ఒక్కొక్క పరిశ్రమను విడిగా చూడకుండా, ఏ రెండు పరిశ్రమలు జంటగా ఒకేచోట చేరుతున్నాయో చూశారు. ఆ జంట ఒకదాని సరుకు మరొకటి కొంటుందా, ఒకే రకం పనివాళ్లను వాడుతుందా, ఒకరి ఆలోచనలు ఒకరు వాడుకుంటారా అని పోల్చారు. అమెరికా తయారీ రంగంలో మూడు కారణాలకూ ఆధారం దొరికింది గానీ, ఇచ్చిపుచ్చుకొనే సరుకుల బంధం అన్నిటికన్నా బలంగా, పనివాళ్ల బంధం దాని తరువాత కనిపించాయి.

గణాంకాల గంప:

చర్చ ముందుకు సాగేముందు ఒక హెచ్చరిక చేయనివ్వండి. "తయారీ తగ్గింది, సేవలు పెరిగాయి" అని మనం చెప్పుకొనే అంకెల్లో కొంత భాగం కేవలం పేర్ల మార్పు. ఒక కర్మాగారంలో వెయ్యి మంది ఉన్నారనుకోండి. వారిలో ఎనభై మంది జీతాల పద్దులు, కాపలా, శుభ్రత, డ్రాయింగులు చూసేవారు. వీరంతా ఆ కర్మాగారం జీతగాళ్లుగా ఉన్నంతకాలం జనగణనలో, పరిశ్రమల సర్వేలో తయారీ రంగం కిందే లెక్కకు వస్తారు. యజమాని ఆ పనులను బయటి సంస్థలకు అప్పగించిన మరునాడు వారు అదే గేటు గుండా వచ్చి, అదే కుర్చీలో కూర్చొని, అదే పని చేసినా ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వర్గీకరణలో తయారీ విభాగం నుంచి సేవల విభాగాలకు మారిపోతారు. పటం మీద మాత్రం కర్మాగారాల పక్కన సేవా సంస్థలు కొత్తగా గుంపు కట్టినట్టు కనిపిస్తుంది.

ఇంకొకటి. కళ్లకు గంత కట్టుకొని బాణాలు వేసినా కొన్ని ఒకేచోట గుచ్చుకుంటాయి. ఎలిసన్, గ్లేసర్ 1997లో ప్రతిపాదించిన కొలమానం ఉద్దేశమే అది. యాదృచ్ఛికంగా ఏర్పడగల గుంపును ముందుగా తీసివేసి, మిగిలినదాన్నే గుంపుగా లెక్కపెట్టాలి. ఒక పరిశ్రమలో మూడే పెద్ద సంస్థలుంటే అవి సహజంగానే కొన్నిచోట్లే కనిపిస్తాయి, దానికి ఆకర్షణ అని పేరు పెట్టనక్కరలేదు.

కొత్త విద్యార్థి:

గంప గారూ, అయితే ఇదంతా పద్దుల మాయేనా? నా పరిశోధనా వ్యాసానికి ఇదే అంశం ఎంచుకున్నాను, ఇప్పుడు భయంగా ఉంది.

గణాంకాల గంప:

భయపడనక్కరలేదు. పేర్ల మార్పు కొంత భాగమే. అసలు మార్పు కూడా ఉంది, అది ఇంకా ఆసక్తికరమైనది. జెట్ ఇంజన్ల సంగతి చూడండి. 1962లో బ్రిస్టల్ సిడ్లీ అనే బ్రిటిష్ ఇంజన్ల సంస్థ తన వైపర్ ఇంజనుకు, ఎగిరిన గంటకు ఇంత అని రుసుము తీసుకొని మరమ్మతు, విడిభాగాల బాధ్యత తానే మోసే పద్ధతి తెచ్చింది. రోల్స్‌రాయిస్ తరువాత దాన్ని పెద్ద వ్యాపారంగా విస్తరించింది. అక్కడ అమ్ముతున్నది లోహమా, పూచీనా? తూకం వేసి విడదీయడం కష్టం. సంపన్న దేశాలు ఎగుమతి చేసే తయారీ వస్తువుల విలువలో మూడో వంతుకు అటూ ఇటూగా సేవల విలువే ఇమిడి ఉంటుందని ఆ దేశాల ఆర్థిక కూటమి ఓఈసీడీ లెక్కలు చూపుతున్నాయి. డిజైన్, రవాణా, బీమా, సాఫ్ట్‌వేర్, అప్పు, ఇవన్నీ ఆ వస్తువు లోపలే ఉన్నాయి. మీ వ్యాసంలో ఉద్యోగాలను పరిశ్రమ పేరుతో కాకుండా వృత్తి పేరుతో లెక్కపెట్టండి. సగం చిక్కు విడిపోతుంది.

ఆడిటరమ్మ:

శీర్షికలో నన్నే అడిగినట్టుంది కాబట్టి జవాబు చెప్పడం ధర్మం. నా కక్షిదారుల్లో సగానికి పైగా తయారీ సంస్థలే, వాటి యంత్రాలు నా కార్యాలయానికి రెండు మూడు గంటల దూరంలో ఉన్నాయి. నేను ఏడాదికి కొన్నిసార్లు నిల్వలు చూడటానికి అక్కడికి వెళతాను. మిగిలిన రోజుల్లో నాకు ఎవరితో పని పడుతుంది? కక్షిదారుకు అప్పిచ్చిన బ్యాంకుతో, పన్నుల వ్యవహారం చూసే న్యాయవాదితో, ఆస్తులకు విలువ కట్టేవారితో, సంస్థను కొనదలచిన మరో సంస్థ తరఫు సలహాదారుతో. ఒక సంస్థ మరొక సంస్థలో విలీనమయ్యే వారంలో ఈ నాలుగు కార్యాలయాల మధ్య రోజుకు ఐదారుసార్లు తిరిగిన సందర్భాలున్నాయి. పత్రాలన్నీ కంప్యూటరులో ఉంటాయి, అయినా ఎదుటివారు ఏ అంశం దగ్గర తటపటాయిస్తున్నారో ముఖం చూస్తే గానీ తెలియదు. అంటే మేము కర్మాగారాన్ని అంటిపెట్టుకొని ఉండలేదు, ఒకరినొకరం అంటిపెట్టుకొని ఉన్నాం.

ఇందులో దూరం ఎంత చిన్నదో చాలామందికి తెలియదు. న్యూయార్క్ నడిబొడ్డు మాన్‌హాటన్‌లోని ప్రకటనల సంస్థలపై అర్జాగీ, హెండర్సన్ అనే ఆర్థికవేత్తలు 2008లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, సాటి సంస్థలు పక్కన ఉండటం వల్ల కలిగే లాభం 750 మీటర్లు దాటేసరికి దాదాపు హరించుకుపోతుంది. పది నిమిషాల నడక కూడా కాదు! అందుకే అద్దె మండిపోతున్నా ఆ వీధులు ఖాళీ కావు. మా వృత్తివారి అహంకారమే మమ్మల్ని నగరం నడిబొడ్డున కూర్చోబెట్టిందని కొందరంటారు. కొంత నిజమే కావచ్చు, కానీ అహంకారానికి అంత అద్దె ఎవరూ కట్టరు.

నగరపటం:

ఆడిటరమ్మ గారి మాటతో నా సందేహంలో సగం తీరింది. నేను పరిశ్రమల మధ్య బంధం వెతుకుతున్నాను, అసలు చీలిక సంస్థ లోపలే జరిగిందన్నమాట. సంస్థలో నిర్ణయాలు తీసుకొనే గది ఒకటి, యంత్రాలు నడిచే గది ఒకటి. పూర్వం ఈ రెండూ ఒకే ప్రహరీ లోపల ఉండేవి కాబట్టి సేవలవారు కర్మాగారం చుట్టూ చేరినట్టు కనిపించేవారు. నిజానికి వారు చేరింది మొదటి గది చుట్టూ. టెలిఫోను, విమానం, తరువాత కంప్యూటరు వచ్చి ఆ రెండు గదులను విడదీయడం చవకయ్యాక, రెండో గది వెళ్లిపోయింది.

దురాంతోన్, పూగా 2005లో ఇదే చూపించారు. 1950లో అమెరికా నగరాల్లో ఉత్పత్తి కార్మికులకూ నిర్వాహకులకూ మధ్య నిష్పత్తి పెద్ద నగరమైనా చిన్న నగరమైనా పెద్దగా తేడా లేకుండా ఉండేది. 1990 నాటికి నిర్వాహకులు పెద్ద నగరాల్లో, కార్మికులు చిన్న నగరాల్లో పోగుపడ్డారు. ఒకప్పుడు "ఇది ఉక్కు నగరం, అది బట్టల నగరం" అనేవాళ్లం. ఇప్పుడు "ఇది నిర్ణయాల నగరం, అది యంత్రాల నగరం" అనవలసి వస్తోంది. బోయింగ్ సంస్థ విమానాలు కూర్చే పనిని ఎక్కువ భాగం సియాటిల్ ప్రాంతంలోనే ఉంచి, 2001లో ప్రధాన కార్యాలయాన్ని మాత్రం షికాగోకు మార్చడం, 2022లో రాజధాని వాషింగ్టన్‌ను ఆనుకొని ఉన్న ఆర్లింగ్టన్‌కు మారుతున్నట్టు ప్రకటించడం ఈ ధోరణికి బాగా తెలిసిన ఉదాహరణలు.

టూల్‌రూమ్ పాతకాపు:

నగరపటం గారి రెండు గదుల లెక్క నాకు పూర్తిగా మింగుడు పడటం లేదు. నా టూల్‌రూమ్ ఏ గది? అక్కడ యంత్రాలూ నడుస్తాయి, నిర్ణయాలూ జరుగుతాయి. నిర్ణయాలన్నీ మెడపట్టీ కట్టుకున్నవారే తీసుకుంటారని అనుకోవడం కార్యాలయాల్లో పనిచేసేవారికి సహజమే గానీ, ఏ మూల ఎంత గుండ్రం చేయాలో లేతు ముందు నిలబడినవాడు తీసుకొనే నిర్ణయం మీద ఒక్కోసారి మొత్తం వస్తువు ఆధారపడి ఉంటుంది.

టోక్యోలోని ఓటా వార్డు గురించి వినే ఉంటారు. మహానగరం నడుమ, ఇళ్ల మధ్యలో చిన్న చిన్న యంత్రశాలలు. 1983 నాటికి అలాంటివి తొమ్మిది వేలకు పైగా ఉండేవి, చాలా వాటిలో పట్టుమని పదిమంది కూడా ఉండరు. ఒకరు లేతు మీద తిప్పి చెక్కే పని, ఒకరు సానపట్టే పని, ఒకరు పూత పని, ఒకరు రేకు వంచే పని మాత్రమే చేస్తారు. తన దగ్గరికి వచ్చిన పనిలో తనకు చేతకాని భాగాన్ని పక్కవాడికి పంపుతాడు, అతడు తన వంతు చేసి మరొకడికి పంపుతాడు. డ్రాయింగును కాగితపు విమానంగా మడిచి మేడ మీద నుంచి విసిరితే మర్నాటికి వస్తువై తిరిగి వస్తుందని అక్కడివారు చమత్కారంగా చెప్పుకొంటారట. ఆ యంత్రశాలల సంఖ్య ఇప్పుడు సగానికన్నా తక్కువకు పడిపోయింది. యజమానులు ముసలివారయ్యారు, పిల్లలు ఆ పనిలోకి రాలేదు, పెద్ద సంస్థలు తమ కర్మాగారాలను విదేశాలకు తరలించాయి. వీధిలో పూత వేసేవాడు ఒక్కడు మూతవేస్తే మిగిలిన పదిమంది గొలుసూ తెగుతుంది. ఇది తయారీయా, సేవా? నన్నడిగితే అది తయారీ దుస్తుల్లో ఉన్న వ్యాపార సేవ.

అర్థశాస్త్ర పాఠకుడు:

ఈ చివరి మాట ఎంత మంచి ప్రశ్నను లేవనెత్తిందంటే, వర్గీకరణలు రాసేవారు సమాధానం చెప్పలేరు.

దీనికి అటువైపు కథ అమెరికా ఉక్కు నగరం పిట్స్‌బర్గ్‌ది. ఆర్థికవేత్త బెంజమిన్ చినిట్జ్ 1961లో న్యూయార్క్‌నూ పిట్స్‌బర్గ్‌నూ పోల్చి చూశాడు. న్యూయార్క్‌లో దుస్తుల పరిశ్రమ నిండా చిన్న సంస్థలు. ఎవరికీ సొంత న్యాయవాది, సొంత గోదాము, సొంత లారీ పెట్టుకొనే స్తోమత లేదు కాబట్టి వాటిని అద్దెకు ఇచ్చే సంస్థలు పుట్టాయి, ఆ సంస్థలు రేపు కొత్తగా వచ్చే మరో పరిశ్రమకు కూడా అక్కరకు వచ్చాయి. పిట్స్‌బర్గ్‌లో ఉక్కు సంస్థలు బృహత్కాయాలు. కావలసిన ప్రతి సేవను తమ గోడల లోపలే సమకూర్చుకున్నాయి. బయట ఎవరూ దుకాణం తెరవనక్కరలేదు. అందువల్ల కొత్తగా చిన్న వ్యాపారం పెట్టదలచినవాడికి ఊరంతా వెతికినా సాయం చేసే సంస్థ దొరకని పరిస్థితి. ఉత్పత్తి విలువలో రెండు నగరాలూ పెద్దవే, సేవల విషయంలో ఒకటి సంత, మరొకటి కోట.

ఒక భారీ కర్మాగారాన్ని తీసుకొస్తే దాని చుట్టూ సేవలు వాటంతట అవే మొలుస్తాయని ప్రభుత్వాలు నమ్ముతుంటాయి. ఎంత పెద్దది వస్తోందనే ప్రశ్నకన్నా, అది ఏయే పనులను బయట కొంటుంది, ఆ కొనుగోలు నిర్ణయం ఏ ఊళ్లో జరుగుతుంది అన్నవే ముఖ్యమైన ప్రశ్నలు. కొనుగోలు విభాగం వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉంటే స్థానికంగా మిగిలేవి కాపలా, భోజనశాల, బస్సులు.

ఆడిటరమ్మ:

పాఠకుడు గారి చివరి వాక్యాన్ని పెట్టుబడి ఒప్పందాల మొదటి పేజీలో అచ్చు వేయాలి.

కొత్త విద్యార్థి:

మరి నగరాలు చట్టం చేసి కర్మాగారాలను నిలుపుకోలేవా? న్యూయార్క్ దుస్తుల వాడలో అలాంటి నిబంధన ఉండేదని చదివాను.

నగరపటం:

ఉండేది. 1987లో ఆ వాడకు ప్రత్యేక నిబంధన తెచ్చారు. లోపలి వీధుల్లో కుట్టుపని జరిగే అంతస్తును కార్యాలయంగా మార్చాలంటే, అంతే విస్తీర్ణాన్ని తయారీకి శాశ్వతంగా కేటాయించాలి. అమలు అంతంతమాత్రం. స్థలం కాపాడినా, ఆ స్థలంలో పని ఇచ్చే కొనుగోలుదారులు దిగుమతుల వైపు మళ్లారు. చివరకు 2018లో ఆ నిబంధనను ఎత్తివేశారు. నేను ఆ నిబంధనకు వ్యతిరేకిని కాను. నమూనా దుస్తులు కుట్టేవారు, బొత్తాలు, జరీ అంచులు అమ్మేవారు డిజైనరుకు నడక దూరంలో ఉండటం ఎంత విలువైనదో ఆ రంగంలో ఉన్నవారెవరైనా చెబుతారు. అయితే గోడలను కాపాడినంత సులువుగా పనిని కాపాడలేం.

అర్థశాస్త్ర పాఠకుడు:

రెండు గదులు విడిపోక తప్పదనుకుంటే, వాటి మధ్య దూరం ఎంత ఉండాలన్నదే ఇక అసలు లెక్క. దీనికి చైనాలోని షాంఘై, కున్‌షాన్ జంట మంచి నమూనా. కున్‌షాన్ వేరే ప్రాంతమైన జియాంగ్సులో ఉన్న నగరం. ల్యాప్‌టాప్‌లు కూర్చే కర్మాగారాలకు పేరుపొందింది. షాంఘైలో బ్యాంకులు, న్యాయ సంస్థలు, రేవు వ్యవహారాలు. వేగవంతమైన రైలులో మధ్య దూరం అరగంట లోపే. 2013లో షాంఘై మెట్రో పదకొండో మార్గాన్ని ప్రాంతపు సరిహద్దు దాటించి కున్‌షాన్‌లోని హువాచియావో దాకా పొడిగించారు. ఆ సరిహద్దు ఊరు కార్యాలయాల వెనుక గది పనులకు, అంటే పద్దులు, సమాచార నిర్వహణ వంటి వాటికి నెలవైంది. నిపుణుడు పొద్దున బయలుదేరి యంత్రం చూసి, సాయంత్రానికి తిరిగి తన వీధికి చేరుకోగలిగినంత దూరంలో రెండు గదులూ ఉన్నాయి. ఇక్కడ నగరం అంటే పురపాలక హద్దు కాదు, ఒక్క రోజులో వెళ్లి రాగలిగిన మేర.

అందువల్ల విద్యార్థి గారూ, ఒక జిల్లాలో తయారీ ఉద్యోగాల వాటా, సేవల ఉద్యోగాల వాటా తీసుకొని రెండూ కలిసి పెరిగాయా అని మాత్రమే చూస్తే కున్‌షాన్‌లో సేవలు తక్కువని, షాంఘైలో యంత్రాలు తక్కువని వస్తుంది. పరిపాలనా హద్దుల స్థానంలో ప్రయాణ కాలాన్ని వాడండి.

గణాంకాల గంప:

ఒప్పుకుంటాను, అయితే ఒక మెలిక ఉంది. ప్రయాణ కాలం తగ్గితే బంధం పెరుగుతుందని ముందే అనుకోకూడదు. రైలు మార్గం వేసినచోట చిన్న నగరంలోని ఆడిటరు తన కక్షిదారులను పెద్ద నగరపు ఆడిటరుకు పోగొట్టుకోవచ్చు కూడా. దారి రెండువైపులా తెరుచుకుంటుంది. ఆ నష్టాన్ని లెక్కలోకి తీసుకోని అంచనాలను నేను నమ్మను.

కొత్త విద్యార్థి:

చాలా ఉపకరించింది. వృత్తుల వారీ లెక్క, ప్రయాణ కాలం, కొనుగోలు నిర్ణయం జరిగే చోటు, ఈ మూడూ చేర్చుకుంటాను. చివరగా పాతకాపు గారికి ఒక ప్రశ్న. తేలని పని, తేలిన పని అన్నారు కదా, చిన్న సంస్థల దగ్గరికి ప్రశ్నావళి పట్టుకొని వెళితే ఆ తేడాను ఎలా అడగాలి?

టూల్‌రూమ్ పాతకాపు:

యజమానిని అడిగితే తన దగ్గర అన్నీ తేలిన పనులేనంటాడు. ఎవరికైనా పరువు పరువే కదా. కాపలా గదిలో గేట్ పాస్ పుస్తకం ఉంటుంది, అనుమతి తీసుకొని అది చూడండి. అందులో తిరిగి రావలసిన వస్తువులకు వేరే పేజీలుంటాయి. ఏ నమూనా ముక్క, ఏ డై, ఏ రోజున, ఎవరి దగ్గరికి వెళ్లింది, ఎన్నాళ్లకు తిరిగి వచ్చింది అని రాసి ఉంటుంది. ఒకే వస్తువు ఒకే నెలలో నాలుగుసార్లు బయటికి వెళ్లి వచ్చిందంటే అది తేలని పని. ఎవరి దగ్గరికి వెళ్లిందో ఆ చిరునామాలను పటం మీద గుర్తించండి. నగరపటం గారు సాయం చేస్తారు.